ఈగ వాలని పొగగది

దస్తగిర్ పనిమంతుడు, అంతకు మించి మొండివాడు. సిద్దిపేటలో మా వాడకట్టులో సగం ఇళ్లకు తలుపులు అతను చేసినవే. నేను మగ్గం నేసేవాణ్ణి. మా రెండిళ్లకూ నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే ఉండేది కాబట్టి అతని సంగతులన్నీ నాకు అడగకుండానే తెలిసేవి.

అతనికి ఒక్కడే తమ్ముడు, అజ్మత్. తల్లిదండ్రులు పోయాక తనే ఎత్తుకొని పెంచాడు. బొంబాయి దగ్గరి భీవండిలో పవర్‌లూమ్ పనికి కుదిరాక అజ్మత్ పండుగలకు రావడం తగ్గింది. అందుకే బక్రీదు కుర్బానీ మాంసంలో ఇంటి వాటాను తునకలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండబెట్టి, అందులో సగం తమ్ముడికి పంపేవాడు దస్తగిర్. ఆ మూట బస్సెక్కితే గాని అతని భార్య హబీబున్నీసా తమ వాటాలో ఒక్క ముక్క నోట పెట్టేది కాదు. ఒక ఏడు ముసురు పట్టి తునకలు సరిగా ఎండలేదు, పురుగు పట్టాయి. ఇంటి నుంచి వచ్చేది అదొక్కటే, అది కూడా పారేయాల్సి వచ్చిందని అజ్మత్ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని దస్తగిర్ భార్యతో ఎన్నిసార్లు చదివించుకున్నాడో!

మరుసటి ఏడు, అంటే 1988లో, బక్రీదు మళ్లీ వానల్లోనే వచ్చింది. ఈసారి తునకలను పొగలో ఎండబెడతానన్నాడు. పాత సామాన్లు అమ్మే రాజనర్సు దగ్గర, గోదాముల్లో బస్తాల కింద పరిచే చెక్క చట్రాలు ఓ పది తెచ్చాడు.

"భూపతీ, గీ కట్టె జూడు. ఏండ్ల సంది తడి నేల మీద పడున్నయట. ఒక్క చెదపురుగు ముట్టలే! గిసోంటి కట్టె నా జిందగీల జూడలే."

వడ్రంగికి అంతకంటే ఏం కావాలి? చట్రాలు ఊడదీసి, మేకులు సాగగొట్టి, మనిషి నిలబడేంత పొగగది కట్టాడు. పైన రేకు, లోపల తునకలు వేలాడదీసే దండేలు, కింద మట్టితో అలికిన నిప్పుల గుంట. కోతలో మిగిలిన ముక్కలు పారేయడానికి మనసొప్పక వాటినే గుంటలో వేసి పొగబెట్టాడు.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు మగ్గం ముందు కూర్చుంటే ఏదో తేడాగా ఉంది. అదేమిటో చాలాసేపటికి గాని అందలేదు. చప్పుడు లేదు. బక్రీదు వారమంతా ఈగల రొదతో చెవులు గింగురుమనే మా వాడలో ఒక్క ఈగ లేదు. చూరులో పిచ్చుకలు లేవు. గోడ మీద నుంచి వంగి చూశాను. పొగగది చుట్టూ నేల నల్లగా ఉంది. ఎవరో నువ్వులు ఒలకబోశారనుకున్నాను. అవి ఈగలు.

"జూసినవా భూపతన్నా, అల్లా బర్కత్! ఒక్క ఈగ వాలుతలే" అంది హబీబున్నీసా మురిసిపోతూ.

ఔనన్నాను గాని నా చూపు ఆ నల్లటి నేల మీదే ఉంది.

మూడో రోజు గోడ మీది బల్లి రాలి వెల్లకిలా పడింది. ఏటా తునకల కింద కాపలా కాసే బూడిదరంగు పిల్లి ఈసారి గోడ దిగలేదు. అట్లని వెళ్లనూ లేదు. పొగగది వైపే చూస్తూ కూర్చుంది.

"గీ దొంగముండకు ఏమైంది?" అని నవ్వుతూ దస్తగిర్ ఒక తునక గోడ మీదికి విసిరాడు.

పిల్లి వాసన చూసింది. వెంట్రుకలు నిక్కబొడుచుకొని, వెనక్కి వెనక్కి నడిచి, తలెత్తి అతని ముఖంలోకి చూసింది. అరవలేదు. రెప్ప కూడా వేయలేదు. దస్తగిర్ ముఖం మీది నవ్వు మెల్లగా పోయింది. ఆ తునక మరునాటి దాకా అక్కడే ఉంది. కాకి ముట్టలేదు, చీమ పట్టలేదు.

మరునాడు పొద్దున్నే భీవండి పోయే ఖుతుబుద్దీన్ చేతికి హబీబున్నీసా మూట ఇచ్చి పంపింది. ఆ సమయానికి దస్తగిర్, నేను కట్టె మీద అనుమానంతో రాజనర్సు కొట్టు దగ్గర ఉన్నాం.

"గా చట్రాలు ఏ గోదామువి?" అని అడిగాడు దస్తగిర్.

"నాకేం ఎరుక భాయ్? నాలుగైదు గోదాములవి కలిసినయి. ఎరువులవి ఉండొచ్చు, పురుగుల మందువి ఉండొచ్చు. ఏదైతేంది, కట్టె కట్టెనే గద!"

ఉండొచ్చు. అంతకు మించి ఎవరూ చెప్పలేకపోయారు. మూట ఆ పొద్దుటి బస్సుకే పోతుందని గుర్తొచ్చి దస్తగిర్ బస్టాండు దాకా పరుగెత్తాడు. కదలబోతున్న బస్సెక్కి మూట లాక్కున్నాడు.

"తమ్ముని వాటా గుంజుకుంటవా? అల్లా పేరు మీద కోసింది గద!" అని ఖుతుబుద్దీన్ అందరూ వినేలా అరిచాడు.

"పిల్లి ముట్టలే" అన్నాడు దస్తగిర్. ఆయాసంలో ఇంకో మాట రాలేదు. బస్సంతా నవ్వింది.

పిల్లిని అడిగి అన్నం తినే మనిషని ఊరంతా ఆటపట్టించింది. దస్తగిర్ మాత్రం ఇంటి వెనక బీడులో లోతుగా గొయ్యి తీసి తునకలు, చెక్కలు, బూడిద అన్నీ పాతిపెట్టాడు. ఎవరూ తినలేదు, ఎవరికీ ఏమీ కాలేదు, కాబట్టి రుజువు లేదు. అజ్మత్ ఒక్కటే ఉత్తరం రాశాడు. పిల్లి తినలేదని నా వాటా ఆపినవాడు నాకు అన్న కాడని. తర్వాత నాలుగేళ్లు ఉలుకూ పలుకూ లేదు.

"ఒక్కసారి పోయి జెప్పరాదే?" అని నేను కోప్పడేవాణ్ణి.

"ఏమని జెప్పాలె భూపతీ? నాకే ఎరుక లేదు" అనేవాడు.

1992 వానాకాలంలో అజ్మత్ దగ్గర్లోని కొండపాకకు ఎవరిదో పెళ్లికి వస్తే, హబీబున్నీసా వెళ్లి బతిమాలి ఇంటికి తీసుకొచ్చింది. గడపలో నిలబడ్డాడే గాని కూర్చోలేదు. దస్తగిర్ రమ్మని సైగ చేసి బీడులోకి నడిచాడు. నాలుగేళ్లుగా భయంతో అటు పోని నేను కూడా వెనకాలే వెళ్లాను.

గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉంది. నడుమ మంచమంత జాగాలో మాత్రం ఒక్క పరక లేదు. నలువైపులా గరిక అంచు దాకా పాకి, గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ మట్టి మీద ఒక్క చీమైనా లేదు. దస్తగిర్ వెళ్లి దాని నడుమ నిలబడ్డాడు.

"రోజూ వచ్చి జూస్తున్న. గడ్డి మొలుస్తదేమో, నీ వాటా ఉత్తగనే గుంజుకున్ననేమో అని."

అజ్మత్ ఆ మట్టినీ, దాని అంచున ఆగిపోయిన గరికనూ చూశాడు. తర్వాత ఒక్క ఉదుటున వెళ్లి అన్న రెక్క పట్టుకొని గడ్డిలోకి లాగాడు.

"గా మట్టి మీద నిలబడకు భయ్యా" అన్నాడు.