తగ్గలేదన్న సాక్ష్యం

నా చిన్నప్పుడు నాకు నిద్ర పట్టేది కాదు. తొంభైల మొదట్లో మేం భవానీపురంలో ఉండేవాళ్ళం. పడుకోగానే మోకాళ్ళ కింద చర్మంలోపల ఏవో పాకుతున్నట్టుండేది. ఒక్కోసారి చేతులు బూరల్లా ఉబ్బిపోయినట్టు, గది దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించేది. లైటు వేసి చూసుకుంటే చేతులు మామూలుగానే ఉండేవి. డాక్టరుగారు బలానికి టానిక్ రాశారు. అమ్మ మాత్రం రోజూ లేచి కూర్చుని, కునికిపాట్లు పడుతూనే నా కాళ్ళు పిసికేది.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా సంఘం పాస్టరు అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు అందరిముందూ చెప్పే సాక్ష్యాల సమయం రాగానే అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "లేచి చెప్పమ్మా. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదు." అందరూ నావైపే చూస్తున్నారు. లేచి, "నాకిప్పుడు నిద్ర పడుతోంది, దేవునికి వందనాలు" అన్నాను. సంఘమంతా "స్తోత్రం" అంది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నిజానికి ముందురోజు కూడా నేను నిద్రపోలేదు.

ఆ మధ్యాహ్నం సండేస్కూల్లో పది ఆజ్ఞలు అప్పజెప్పించారు. అబద్ధ సాక్ష్యమంటే కోర్టులో చెప్పేదని అన్నాళ్ళూ అనుకున్నాను. పొద్దున నేను చెప్పినదాని పేరూ సాక్ష్యమేనని అప్పుడు తట్టి, ఆ ఆజ్ఞ దగ్గరే ఆగిపోయాను. అంతకన్నా పెద్ద శిక్ష ఇంట్లో మొదలైంది. నాకు తగ్గిపోయిందని అమ్మ హాయిగా పడుకునేది. నేను కళ్ళు మూసుకుని, నిద్రపోయేవాళ్ళలా ఊపిరి తీసి వదులుతూ ఉండేదాన్ని. పక్కనే అమ్మ ఉన్నా, అంత ఒంటరితనం మళ్ళీ ఎప్పుడూ ఎరగను.

మా మందిరంలో చాపలు పరిచే మామ్మ ఒకావిడ ఉండేది. కొండపల్లిలో బొమ్మలకు రంగులేసేది. ఆదివారం అందరికన్నా ముందు వచ్చేది. రెండు వారాల తర్వాత, చాపలు పరవడంలో సాయం చెయ్యమని అమ్మ నన్ను పెందలాడే పంపింది.

"ఏంటమ్మాయ్, ఆ కాళ్ళట్టా ఆడిస్తన్నావు?" అంది మామ్మ.

"అలవాటు మామ్మా."

"ఆ అలవాటు నాకూ ఉందిలే. నిద్దర లేకే ఫస్టు బస్సుకి వచ్చి పడతా. వీళ్ళేమో నాకు భక్తి ఎక్కువనుకుంటన్నారు."

నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను. దేవుడికి మనమీద కోపమా అనడిగాను. మామ్మ చాప దులుపుతూ, "కోపమున్నోడు తెల్లార్లూ నా సోది వింటాడా?" అంది. తిట్టలేదు. అమ్మకు చెబుతానని బెదిరించనూ లేదు.

ఆ రోజు సాక్ష్యాల సమయంలో మామ్మ లేచింది. "ముప్పై ఏళ్ళ నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టదండి. కాళ్ళు లాగుతానే ఉంటయ్. ప్రార్థన చేయించుకున్నాను, తగ్గలేదు. రాత్రి కూడా పట్టలేదు. ఆయన మాత్రం నన్ను వదిలెయ్యలేదు. వందనాలండి." అని కూర్చుంది.

ఎవరూ పలకలేదు. తగ్గిన సంగతి ఇంకా ఏదో చెబుతుందని ఎదురుచూస్తున్నారు. అయ్యగారు కూడా బైబిలు వైపే చూస్తుండిపోయారు. ఆ నిశ్శబ్దంలో నేనొక్కదాన్నే "స్తోత్రం" అన్నాను.  అమ్మ తల తిప్పి చాలాసేపు నా ముఖంలోకి చూసింది.

ఆ రాత్రి అమ్మ మళ్ళీ లేచి కూర్చుంది. నా పాదాలు తన ఒళ్ళోకి లాక్కుంది. మరుసటి వారం నేను లేచి, ముందు చెప్పింది అబద్ధమని సంఘం ముందు ఒప్పుకున్నాను.

ఇన్నేళ్ళయినా నాకు సరిగ్గా నిద్ర పట్టదు. మందులు కొంత కాలం పనిచేస్తాయి, తర్వాత మానేస్తాయి. ఒళ్ళు ఇప్పటికీ నాది కానట్టు ఉండే రాత్రులున్నాయి. ఆదివారం ఎవరైనా "ఇప్పుడు తగ్గిందా అమ్మా?" అని ఆప్యాయంగా అడిగితే, "లేదండి, దేవునికి స్తోత్రం" అంటాను. వాళ్ళు తికమకపడతారు. ఆ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు.