సమాజమందిరం మీద సిలువ

నా చిన్నప్పుడు మా మెదక్ మిషన్ కాంపౌండు పిల్లలకు యూదులంటే ఒకటే తెలుసు: ఏసయ్యను సిలువ వెయ్యమని అరిచినవాళ్ళు. ఆ పేరు వస్తే చాలు, మొహాలు మాడ్చుకునేవాళ్ళం. మరి ఏసయ్య ఎవరి పిల్లవాడు అని అడిగే తెలివి మాకెవరికీ లేదు. నన్ను అడిగితే ఆయన మెదక్‌వాడే అనేదాన్నేమో.

మా తాతయ్య చర్చిలో ఉపదేశి. ఆదివారపు బడి నడిపేదీ, క్రిస్మస్‌కు పిల్లలతో నాటకం వేయించేదీ ఆయనే. ఆ ఏడు ఏసయ్య తన ఊరి సమాజమందిరంలో, అంటే యూదుల గుడిలో, లేఖనం చదివే ఘట్టం పెట్టాడు. ఆ మందిరం కట్టే పని నాకూ నా జట్టు ఆడపిల్లలకూ వచ్చింది. మేం చూసిందల్లా మా పెద్ద చర్చి. ఇంకేం, వెదురు తడికెకు తెల్ల కాగితం అంటించి, గోపురం నిలబెట్టి, దాని కొసన ఇంత పొడుగు సిలువ గుచ్చాం. నేనైతే మిడిసిపడ్డాను.

మిషన్ దవాఖానాలో ఒక ముసలి నర్సమ్మ ఉండేది. తెల్లవాళ్ళ మనిషే కానీ, తెలుగు మా ఊరి రోగుల దగ్గర నేర్చుకుంది కనుక అచ్చం మా అవ్వలాగే మాట్లాడేది. నాటకానికి పాత దుప్పట్లు ఇవ్వడానికి వచ్చి మా కట్టడం ముందు ఆగిపోయింది. ఇదేమిటని అడిగితే సమాజమందిరం అన్నాను. ఆమె ఆ సిలువనే చూస్తూ నిలబడింది. మెచ్చుకోలేదని నాకు చెడ్డ కోపం వచ్చింది.

కాసేపటికి అరుగు మీద కూలబడి, మందుల అట్టపెట్టె ఒకటి తెప్పించుకొని, కత్తెరతో చిన్న గుడిలా కోస్తూ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊరు మంచు పడే దేశంలో ఉందట. ఆ ఊరి సమాజమందిరం తాతముత్తాతల నాటిది, మొత్తం కట్టెతోనే కట్టింది. దుంగలు పేర్చిన గోడలు, పెంకులకు బదులు చెక్కముక్కలు, ఒకదాని మీద ఒకటి మూడు కప్పులు. మరీ ఎత్తుగా కడితే పక్క చర్చివాళ్ళు ఒప్పుకోరని లోపల నేలనే లోతుగా తవ్వారట, మెట్లు దిగి పోవాలి. దిగి తలెత్తితే డేరాలాంటి చెక్కకప్పు, దాని నిండా రంగురంగుల సింహాలు, జింకలు, కొంగలు, పూలతీగలు. పుస్తకం కొనలేని బీదవాళ్ళ కోసం ప్రార్థనలన్నీ గోడల మీదే రాశారు. నడిమధ్య నాలుగు స్తంభాల గద్దె, లేఖనం చదివేది అక్కడే. వింటూ వింటూ నా కోపం సంగతే మరిచిపోయాను.

ఇప్పుడక్కడ ఎవరు ప్రార్థన చేస్తున్నారని అడిగాను.

“యుద్ధంల కాలవెట్టిన్రు బిడ్డా. మేం యూదులం. మా అమ్మ, నాయన, మా వాడకట్టోళ్ళు, ఎవ్వరు మిగల్లే,” అన్నది. నర్సు చదువుకని ముందే వేరే దేశం పోవడం వల్ల తనొక్కతే బతికిందట. “ఒక్క ఫోటో లేదు నా తాన. నేను పోతే గా గుడి సుత పోతది. నీ నాటకంల ఒక్కపారి నిలవెడ్తవా?”

నా ప్రాణం చివుక్కుమంది. రోజూ మా పుండ్లు కడిగి కట్లు కట్టే మనిషి యూదురాలా! పరుగున పోయి తాతయ్యకు చెప్పాను. సంగతి తెలిసి సంఘపెద్ద ఒకాయన అంతెత్తున లేచాడు. క్రిస్మస్ పూట సిలువ పీకేసి సింహాలూ కొంగలూ పెడతారా, అయితే నాటకమే వద్దన్నాడు. తాతయ్య స్టూలెక్కి, సిలువను తన చేత్తోనే తీసి, ముద్దుపెట్టుకొని, నా చేతిలో పెట్టాడు.

“ఏసయ్య యూదుల పిలగాడే గదయ్యా. ఆయన చదువుకున్న గుడి గిది. అప్పటికి సిలువ ఏడిదుండె?” అన్నాడు.

సంఘపెద్ద కండువా దులుపుకొని వెళ్ళిపోయాడు. మేం అట్టలతో మూడు కప్పులు లేపి, బొమ్మలు వేశాం. మా సింహాలు కుక్కల్లా వచ్చాయి. తమ ఊరివి కూడా అట్లాగే ఉండేవని నర్సమ్మ కడుపుబ్బ నవ్వింది.

నాటకం నాడు ఆమె ముందు చాప మీద కూర్చుంది. ఏసయ్య వేషం పిల్లవాడు గద్దె ఎక్కి చుట్టగా చుట్టిన లేఖనం బయటికి తీయగానే, మోకాళ్ళు పట్టుకొని లేచి నిలబడింది. లేఖనం బయటికి తీస్తే లేవడం వాళ్ళ ఆచారమని మాకేం తెలుసు? వెనకవాళ్ళు కూర్చోమని గొణిగారు. అప్పుడు తాతయ్య లేచాడు. ఆయన వెనక నేను లేచాను. కాసేపటికి ఆ సంఘపెద్దా లేచాడు. ఎందుకో తెలియకుండానే చాపల మీది జనమంతా లేచి నిలబడ్డారు. నర్సమ్మ వెనక్కి తిరిగి చూసి, చిన్నపిల్లలా ఏడ్చేసింది.

పండగ పోయాక అట్ట గుడి చెదల పాలైంది. కొన్నేళ్ళకు నర్సమ్మ మా ఊరి మట్టిలోనే కలిసిపోయింది.

ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచి ముస్లింల జనాజా పోతున్నా, డప్పులతో శవం పోతున్నా, నేను లేచి నిలబడతాను. కీళ్ళనొప్పుల మనిషిని, ఒక్కోసారి నేను లేచేసరికే వాళ్ళు మూల తిరిగిపోతారు. పోయినవాళ్ళు ఎవరో నీకు తెలుసా నానమ్మా అని మనవరాలు నవ్వుతుంది. తెలియదే తల్లీ, తెలిసేదాకా కూర్చోనా అంటాను.