గుమ్మిలో వెలుతురు చుక్కలు

నా చిన్నప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్నదాన్ని కావడం వల్ల ఏటా ఒక పని నాకే దక్కేది: ఖాళీ అయిన వడ్ల గుమ్మిలోకి దిగి లోపల అలకడం. బీర్పూర్ దగ్గరి మా ఇంటి పెరట్లో ఉండేది ఆ గుమ్మి. మా తాతయ్య పెళ్ళి నాటికి వెల్గటూర్ నుంచి ఒక మేదరి ఆయన వచ్చి, అక్కడే కూర్చుని వెదురుబద్దలతో అల్లాడట. మనిషి కన్నా ఎత్తు, నడుము దగ్గర లావు, మూతి దగ్గర సన్నం. ఎలుకలూ చెమ్మా అందకుండా కింద బండరాళ్ళు, పైన గడ్డి టోపీ. ఎర్రమట్టి, పేడ కలిపి లోపలా బయటా పూసేవారు.

మా బాపమ్మ కోడలిగా వచ్చిన కొత్తలో ఒక వానకాలం ఆ పూత పగిలి చెమ్మ దిగిందట. ఏడాదంతా ఇంటిల్లిపాదీ ముక్కిన బియ్యమే తిన్నారట. అందుకే, నాన్న మస్కట్ వెళ్ళాక పొలం అమ్మ మీద పడినా, గుమ్మి సంగతి మాత్రం బాపమ్మ ఎవరికీ వదల్లేదు.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకు పోయే పిల్లను. గుమ్మి అడుగున కూర్చుంటే ఎవరికీ కనిపించను కదా అని ఆ పని నాకు ఇష్టం. ఆ రోజు బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకాన్ని లంగా కుచ్చిళ్ళలో దాచుకుని దిగాను. పీట ఎక్కి పైభాగం అలికాను. తర్వాత మూతిలోంచి వెలుతురు పడే చోట కూర్చుని పుస్తకం తెరిచాను. కింది భాగం అలాగే ఉండిపోయింది. "అయిపోయిందా బిడ్డా?" అని బాపమ్మ కేకేస్తే, అయిపోయిందన్నాను.

మరునాడు వడ్లు పోయడానికి పక్కింటి అక్క సాయం వచ్చింది. పోసేముందు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అలికిన పిల్లనే మళ్ళీ లోపలికి దించి మూతి మీద గొంగడి కప్పేవారు. ఎక్కడైనా పగులు మిగిలితే ఆ చీకట్లో ఎండ చుక్కలా మెరుస్తుంది.

అయిదు మెరిశాయి. అన్నీ అడుగునే, నేను పుస్తకం పట్టుకుని కూర్చున్న వైపే. బయట అక్క గొంతు, అమ్మ గొంతు వినిపిస్తున్నాయి. వాళ్ళందరి ముందూ ఏమని చెప్పను? "ఒక్కటి గూడ లేదు" అన్నాను. నన్ను పైకి లాగారు.

అక్క వడ్ల గంప ఎత్తుకుని నిచ్చెన ఎక్కింది. బాపమ్మ "ఆగు, కొంగు చెక్కుకోని" అంది. తర్వాత దాహమవుతోందంటూ నీళ్ళు తెప్పించుకుంది. ఆ తర్వాత చాప మీది వడ్లలో ఏదో మట్టిబెడ్డ ఉందంటూ వెతికింది.

"అవ్వా, పొయ్యాల్నా వద్దా? నా రెక్కలు గుంజుతున్నయ్!" అంది అక్క.

బాపమ్మ నా వైపు తిరిగి, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగింది: "ఎన్ని చుక్కలున్నయి బిడ్డా? నేను అడుగుడే మర్సిన."

"అయిదు" అన్నాను.

"అయిదు లెక్కవెట్టనీకి గింత సేపా! గీ పిల్ల బడికి పోయి ఏం జేస్తున్నది?" అని అక్క గంప దించి నవ్వింది. "చీకట్ల జల్ది కనవడయి తియ్యి" అంది బాపమ్మ. నేను ముందు చెప్పిన మాట ఆమె చెవిన పడనట్టే ఉంది.

బాపమ్మ గుమ్మి వెనక్కి వెళ్ళి ఒక తడి గోనెసంచి ఎత్తింది. దాని కింద అప్పటికే కలిపి ఉంచిన మట్టి. ముందురోజు పైకొస్తూ బాపమ్మ చేతికిచ్చిన పూతమట్టి గిన్నె సగానికి పైగా నిండుగానే ఉన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. మళ్ళీ దిగాను. ఏడుస్తూనే పూశాను. అది ఆరేదాకా వడ్లు చాపల మీదే ఉన్నాయి. అక్క ఇంకో రోజు రావలసి వచ్చింది.

ఇప్పుడు కోరుట్లలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. హోంవర్క్ చేశానంటూ తల దించుకునే పిల్ల ప్రతి తరగతిలోనూ ఒకతి ఉంటుంది. వెంటనే ఆమె నోటుబుక్కు తెరవను. బోర్డు ఇంకోసారి తుడుస్తాను, సుద్దముక్క వెతుక్కుంటాను. తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళి, అదే ప్రశ్నను మొదటిసారి అడుగుతున్నట్టే అడుగుతాను.