పొట్టి వెదురు అంచు కట్టిన చాట

నీలకంఠుని మీద ఒట్టు. తునికాకు మీద ఇంకో ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

కంఠేశ్వర్‌లో మా ఇంటి అరుగు మీద మా అక్క బీడీలు చుడుతుంది. ఒడిలో వెదురు చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఆ చాట ఎన్నేళ్లదో ఆమెకే గుర్తు లేదు. అరిగి అరిగి ఆమె ఒడిలాగే వంగిపోయింది. ఒక పొద్దున తంబాకు చెమ్మ ఆరాలని దాన్ని వాకిట్లో ఎండకు పెట్టి లోపలికి పోయింది. అంతే, పక్కింటి మేక వచ్చి తొక్కేసింది. తొక్కడమే కాదు, గుప్పెడు తంబాకు మింగి, ముసలాయనలా మూడుసార్లు దగ్గి, సిగ్గుపడి వెళ్లిపోయింది. కళ్లారా చూశాను.

ప్లాస్టిక్ తట్ట తెచ్చిచ్చాను. రెండు రోజులు ఓర్చుకుంది.

"ఒడిల నిలుస్తలేదు తమ్మీ, చెమటకు జారుతున్నది. సూడకుంటనే సుట్టేదాన్ని, గిప్పుడు ఆకాకుకూ సూడాలె."

మూడో రోజు చుట్టడమే మానేసి, చేతులు ఒడిలో పెట్టుకొని వీధి వైపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మా గోడ వెంట నర్సరీ నుంచి తెచ్చిన పొట్టి వెదురు ఉంది. వేలంత లావు, నడి ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది. ఒక కట్ట కోసి, విరిగిన చాటతో సహా స్కూటర్‌కు కట్టుకొని, బోధన్‌లో చెరుకు బండ్లు పోయే రోడ్డు పక్కన గంపలల్లే మేదరి పెద్దాయన దగ్గరికి పోయాను.

ఆయన ఒక కాడ వంచి నవ్వాడు. "గిది సూసి మురిసేటి వెదురు. చిక్కుడు తీగకు పందిరెయ్యి, విసనకర్రకు పిడి పెట్టు. చీరితే బద్దలు రావు, చాట గాదు. పాతది తెచ్చినవా?"

కొత్త చాటకు కొలత పాత చాటే. అరిగిన చోట వేలు పెట్టి, అక్క ఒడి ఎంత వెడల్పో, ఏ మోకాలు ఎత్తి కూర్చుంటుందో చెప్పేశాడు. విరిగిన చోట ఆ వేలు ఆగింది.

"గిదేమయింది?"

"మేక తొక్కింది."

"మేక తొక్కితే బొక్క పడతది. గిది సాపుగ నలిగింది." నల్లటి చారలు చూపించాడు. "మీ మేక కాళ్లకు టైర్లున్నయా బిడ్డా?"

నేను చెరుకు బండ్ల వైపు చూశాను.

అల్లికంతా తన దగ్గరున్న పెద్ద వెదురు బద్దలతోనే చేశాడు. అంచుకు మాత్రం మా కాడలు రెండు వంచి కట్టాడు. "పచ్చిగున్నప్పుడే వంగుతది," అన్నాడు.

అక్క ఆ చాటను ఒడిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పింది. ఎడమ మోకాలు కాస్త ఎత్తింది. కుదిరింది. ఆకు తీసింది. మొదటి బీడీకి దారం చుట్టాక, నా వైపు చూడకుండానే అంది:

"ఆ మేకకు చెప్పు, స్కూటర్ మలిపేటప్పుడు జర కిందికి సూడుమని."

కాబట్టి ఒట్టు కాస్త సడలిస్తున్నాను. మేక నా కల్పన. దాని దగ్గు కూడా. మిగతాదంతా నిజం. ఈ మాట మీకన్నా ముందు అక్కకు చెప్పవలసింది. ఆమె వేళ్లు ఆడుతున్నంతసేపూ ఎదురుగానే కూర్చొని, ఒక్కో ఆకూ అందిస్తూ పోయాను.