మస్తాన్ భాయ్ రాసిన 1024

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. అమ్మ దిష్టి తీస్తుంటే కూడా నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నాకు అలాంటి నమ్మకాలేం లేవు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది తలుచుకుంటే నాకు భయం కన్నా సిగ్గే ఎక్కువ.

అప్పట్లో బాపట్ల దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ల బాధ్యత నాది. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళేవాణ్ణి. మూడు ల్యాబులకీ ఇంటర్నెట్ ఒకే ప్రాక్సీ సర్వర్ గుండా వచ్చేది. ఆ మెషిన్ ప్రతి కనెక్షన్‌నీ తెరిచిన ఒక ఫైలుగా లెక్కపెట్టుకుంటుంది. మామూలుగా దాని హద్దు 1024. అది నిండాక వచ్చినవాళ్ళకి పేజీ తెరుచుకోదు.

కాలేజీలో పిల్లల సంఖ్య పెరిగేసరికి అది చాల్లేదు. కమాండు కొట్టి 4096కి పెంచాను. కానీ అలా కొట్టింది మెషిన్ ఆగేదాకానే ఉంటుంది. ఎప్పటికీ ఉండాలంటే మెషిన్ లేచేటప్పుడు చదువుకునే స్టార్టప్ ఫైల్లో ఒక లైను రాయాలి. ఆ రోజు నా పనుల జాబితాలో అది మూడోది. రైలుకి టైమైందని రాయకుండానే టిక్కు పెట్టేశాను. ప్రిన్సిపాల్ గారికి "అయిపోయింది సార్" అని చెప్పేశాను కూడా.

ల్యాబ్ అటెండరు మస్తాన్ భాయ్‌ది రేపల్లె. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. అయినా నన్ను సార్ అనేవారు. పర్మనెంటు కాదు. రావద్దంటే మర్నాటి నుంచి మానెయ్యాల్సిందే. కరెంటు పోయి సర్వర్ ఆగితే, పొద్దున మళ్ళీ ఆన్ చేసి, అది లేచేటప్పుడు తెరమీద కనబడే హద్దు అంకెని రిజిస్టర్లో రాయడం ఆయన పని. ఆ పద్ధతి పెట్టింది నేనే.

వారం తిరక్కుండా ఓ రాత్రి కరెంటు పోయింది. పొద్దున నేను టీ తాగుతుంటే ఆయన వచ్చారు. "సార్, ఇవాళ అంకె తగ్గిందండి."

"చూస్తాలే భాయ్" అన్నాను. చూడలేదు.

ఫైనలియర్ పిల్లలు ఒక ఉద్యోగ పరీక్షకి ఆన్‌లైన్లో పేర్లు ఎక్కించుకోడానికి ఆ మధ్యాహ్నం పన్నెండింటితో గడువు ఆఖరు. పన్నెండుకి పది నిమిషాలుందనగా ల్యాబులు నిండాయి, ప్రాక్సీ బిగుసుకుపోయింది. తప్పు ఎక్కడుందో నాకు వెంటనే తెలిసింది. కమాండు మళ్ళీ కొట్టి సరిచేసేసరికి గడువు దాటిపోయింది. కొందరు పిల్లలు ఏడ్చారు.

ప్రిన్సిపాల్ పిలిచారు. "మస్తాన్ సరిగ్గా ఆన్ చెయ్యలేదు సార్. సెట్టింగు పోయింది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మస్తాన్ భాయ్ రిజిస్టరు తెచ్చారు. "ఇదిగోండి సార్. పొద్దున్నే వెయ్యి ఇరవై నాలుగు ఉంది. ఈ సార్‌కి చెప్పానండి కూడా."

"ఆయన ఏం చూసి ఏం రాశారో సార్" అన్నాను.

"ఎందుకీ గొడవ? నా ముందు ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి" అన్నారు ప్రిన్సిపాల్.

ముగ్గురం సర్వర్ గదిలోకి వెళ్ళాం. ఫైల్లో లైను లేదు కాబట్టి 1024 వస్తుంది, నేను దొరికిపోతాను. మస్తాన్ భాయ్ చేతే స్విచ్ ఆపించి, మళ్ళీ వేయించారు. తెరమీద ఆ వరుస వచ్చింది.

4096.

మస్తాన్ భాయ్ తెర దగ్గరికి వంగి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసుకున్నారు. "చదవడం రాకపోతే రాయడమెందుకయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్. ఆ సాయంత్రమే ఆయన్ని రేపటినుంచి రావద్దన్నారు.

అందరూ వెళ్ళాక నేను వరసగా చూసినవి ఇవి. స్టార్టప్ ఫైల్లో ఆ లైను లేదు. ఫైలు మార్చిన తేదీ నేను చేరకముందుది. స్విచ్ ఆపాక నా కమాండు మిగిలే అవకాశం లేదు. ఆ హద్దు పెంచే లైను మెషిన్లో మరే ఫైల్లోనూ దొరకలేదు. పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలియదు. మెషిన్ తనంతట తను రాసుకునే లాగ్‌లో మాత్రం రెండూ ఉన్నాయి: పొద్దున 1024, సాయంత్రం 4096. ఆ లాగ్ ఒక్కటి తెరిచి చూపించి ఉంటే చాలు, ఆయన సరిగ్గానే రాశారని తేలిపోయేది.

మర్నాడు పదిసార్లు ఆపి ఆన్ చేశాను. పదిసార్లూ 1024. అప్పుడు రాశాను ఆ లైను.

రెండు నెలల తర్వాత, అంతా చెప్పేద్దామని రేపల్లె వెళ్ళాను. నన్ను చూసి మస్తాన్ భాయ్ సంబరపడ్డారు. కుర్చీ తుడిచి వేశారు. నేను నోరు తెరిచేలోపే జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"ఇదిగోండి సార్, చేయించుకున్నాను. ఆ రోజు మీ మాటే నిజమండి, నాకే ఆనలేదు. ఇప్పుడు ఎంత చిన్న అంకైనా చదువుతాను. పెద్దసారుకి ఒక్క మాట చెప్పండి."

లోపల్నుంచి ఆయన భార్య అన్నారు: "చూపు బానే ఉంది, అద్దాలక్కర్లేదన్నాడు బాబూ డాక్టరు. వింటేనా?"

"చెబుతానండి" అన్నాను. టీ తాగి రైలెక్కాను.

ప్రిన్సిపాల్‌తో చెప్పింది కూడా అదే: మస్తాన్‌కి ఇప్పుడు చూపు బాగైంది సార్, తీసుకుందామా అని. అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు.

ఆ ఒక్కసారి 4096 ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. మస్తాన్ భాయ్ కళ్ళకి ఏమీ కాలేదని మాత్రం నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.