మంగళం లేని జాజ్ కచేరీ

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరుసగా నిలబెడితే, చిక్కబళ్లాపురం పార్కులో చేసినది అన్నిటికంటే ముందు ఛాతీ విరుచుకుని నిలబడుతుంది. ఆ సాయంత్రం నేను అయిదుగురు సిపాయిలను కొట్లో వేయించబోయాను, ఒక నాస్తికుడి పరువు తీయించబోయాను. సిపాయిలు ఎలాగో బయటపడ్డారు. నాస్తికుడి సంగతి మీరే విని చెప్పండి. వాణ్ణి వెతకనక్కర్లేదు, ఇది రాస్తున్నది వాడే.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను హైస్కూల్లో మేష్ట్రుని. వయసు చిన్నది, నోరు పెద్దది. పఠనమందిరంలో ఎవరైనా దేవుడి పేరెత్తితే చాలు, పిల్లిని చూసిన కుక్కలా లేచేవాణ్ణి. అలాంటి నేను ఒకసారి బెంగళూరు దండుకు, అదే కంటోన్మెంటుకు, వెళ్లి సైనికుల బ్యాండు వాయించే జాజ్ విన్నాను. అమెరికాలో బానిసల మనవళ్లు పుట్టించిన సంగీతమని పక్కనున్నాయన చెప్పాడు. అంతే, నాకు పూనకం వచ్చింది. పూనకాలన్నీ బూటకమని అప్పటికే వ్యాసం రాసి ఉన్నాను, అయినా వచ్చింది. గుడి అక్కర్లేని సంగీతం, కులం అడగని సంగీతం! దీన్ని పార్కుల్లో, టిక్కెట్టు లేకుండా, అందరూ ఒకే పచ్చిక మీద కూర్చుని వినాలి. మొదట చిక్కబళ్లాపురం, తర్వాతి ఆదివారం చింతామణి, ఆపైన బాగేపల్లి. దేశం ఆ మూడు ఆదివారాల్లో మారిపోతుందనీ, నాలుగో ఆదివారం నేను విశ్రాంతి తీసుకోవచ్చనీ అనుకున్నాను.

బ్యాండును పంపడానికి దండులోని అధికారి ఒకే ఒక షరతు పెట్టాడు. బ్యాండువాళ్లు సాయంత్రం రైలుకు తిరిగి బయల్దేరాలి. రాత్రి హాజరుకు లేకపోతే అయిదుగురినీ కొట్లో వేస్తాడు. చింతామణి, బాగేపల్లి కచేరీలు ఇక ఉండవు. పూచీ నాదన్నాను. ఆ వయసులో నాకు పూచీ పడటమంటే తుమ్మటం లాంటిది, ఆలోచించి చేసేది కాదు.

ఇక నరసప్ప శెట్టి సంగతి చెప్పాలి. బెల్లం మండీ యజమాని, భజన మండలి పెద్ద. మా ఊళ్లో హరికథ జరిగినా, నాటకం ఆడినా, చివర మంగళం పాడేది ఆయనే. నేను పఠనమందిరంలో నిలబడి, నా కచేరీలో కొబ్బరికాయ లేదు, దీపం లేదు, హారతి లేదు, మంగళం అసలే లేదని ప్రకటించాను.

"మంగళం పాడకుంటే జనం ఎట్ల లేస్తారప్పా?" అన్నాడాయన.

"కాళ్లతో లేస్తారు శెట్టప్పా," అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు కల్లులా ఎక్కింది. అక్కడితో ఆగకుండా, ఆ పార్కులో మంగళం పాడనని శెట్టి దగ్గర అందరి ముందూ మాట తీసుకున్నాను. గెలిచాక నోరు మూసుకునే తెలివే ఉంటే, ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆదివారం మధ్యాహ్నానికే జనం కమ్ముకున్నారు. నంది నుంచి, మండికల్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. పార్కు మధ్యలో గుండ్రటి అరుగు. దాని చుట్టూ, వేలు దూర్చే సందు లేకుండా, పచ్చిక కనబడకుండా కూర్చున్నారు. శెట్టి కూడా వచ్చి ముందు వరసలో బాసింపట్టు వేసుకున్నాడు. సాక్సాఫోను మోగింది. హుక్కాకు గొంతొచ్చి తన కష్టాలు చెప్పుకుంటున్నట్టు ఉంది. జనం తలలూపారు, తాళాలు వేశారు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను. మీసం అప్పటికింకా సరిగా రాలేదు, అది వేరే సంగతి.

ఎండ పసుపు రంగుకు తిరిగేసరికి బ్యాండు నాయకుడైన సార్జెంటు చివరి పాట ముగించి వంగి నమస్కరించాడు. జనం కదల్లేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కథ గానీ ఆట గానీ మంగళం పాడేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే ఇంటికి కీడు. సార్జెంటు వైపు ఇంకో పద్ధతి ఉంది. జనం కూర్చునే ఉన్నారంటే ఇంకా కావాలని అర్థం, వాయించకపోతే అవమానం. ఆయన కళ్లు చెమర్చాయి. బెంగళూరులో సగంలోనే లేచి తాగడానికి పోతారు, ఇలాంటి రసికులను పుట్టాక చూడలేదని నాతో చెప్పి మళ్లీ ఎత్తుకున్నాడు. ముగించాడు. జనం కదల్లేదు. మళ్లీ ఎత్తుకున్నాడు. వీళ్లు లేవరు, వాళ్లు ఆపరు. మధ్యలో నేను, గానుగ చుట్టూ తిరిగే ఎద్దులా అరుగు చుట్టూ తిరుగుతున్నాను.

సార్జెంటు చెవిలో రైలు సంగతి అరిచాను. ఆయన ముఖం పాలిపోయింది. వాద్యాలు సర్దించి అరుగు దిగబోయాడు. దిగటానికి నేల ఏదీ? మండికల్ నుంచి వచ్చి మెట్టు కిందే కూర్చున్న గంగమ్మ అనే ముసలామె ట్రాంబోను ఊదేవాడి కాలు పట్టుకుంది.

"అమ్మా, కాస్త దోవ ఇయ్యి. వీళ్లు రైలుకు పోవల్ల," అన్నాను.

"మంగళం కాకుండా ఎట్ల పోతారప్పా? నా కోడలు నెలలు నిండి ఉండాది. అరకొర కత ఇని నేను ఇంటికి పోతే, ఆ పిల్లకి ఏమన్నా అయితే నువ్వొచ్చి చూస్తావా?"

ఈ ప్రశ్నకు నా తర్కంలో జవాబుంది. ఆమె ముఖం చూశాక దాన్ని మిగతా జనానికి చెబుదామని అరుగు వైపు తిరిగాను.

పొద్దు కొండ వైపు జారుతోంది. రైలు కూత కోసం చెవులు రిక్కించాను. వినబడలేదు. సాక్సాఫోను గోలలో ఎప్పుడో కూసి వెళ్లిపోయిందేమో. అరుగెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. మంగళం వినకుండా లేచినందువల్ల చెడిపోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి అని సవాలు చేశాను.

"ఎవురూ లేయలేదు గదప్పా, యాడ నుంచి చూపించేది?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

జనానికి నా ఉపన్యాసం బాగా నచ్చింది. హరికథలో వచ్చే పిట్టకథ అనుకున్నారు. పైగా డ్రమ్ములవాడు, ఊరికే ఉండలేక, నా ప్రతి వాక్యం చివరా సన్నగా ఒక దరువు వేశాడు. మూఢనమ్మకాలను అంత లయబద్ధంగా ఖండించినవాడు మైసూరు సంస్థానంలో నాకంటే ముందు లేడు.

చివరికి శెట్టి ముందు కూర్చుని చేతులు పట్టుకున్నాను. ఒక్క మంగళం పాడమన్నాను.

"మాట ఇచ్చినాను గదప్పా," అన్నాడు శెట్టి, పాపం, ఎంతో బాధగా. "నీ మాదిరి చదువుకున్నోణ్ణి కాదు. మాట తప్పేకి నాకు చేతకాదు. నువ్వు పాడు."

అరుగు మీద అయిదు జతల కళ్లు నన్నే చూస్తున్నాయి. నేను గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, మానవజాతికి మంగళమని పాడాను. విజ్ఞానానికి మంగళమని పాడాను. కళ్లు తెరిచి చూస్తే అందరూ ఉన్నచోటే ఉన్నారు.

"ఆ సామి గుడి యాడుండాదప్పా?" అని అడిగింది గంగమ్మ.

"మేష్ట్రూ," అన్నాడు శెట్టి మెల్లగా, "పొద్దు పోతాండాది. ఊరూ పేరూ ఉండే దేవుడికి పాడు."

పాడాను. నంది కొండ కింద ఉన్న భోగనందీశ్వరుడికి, ఆయన లేడని పఠనమందిరంలో ఎన్నోసార్లు రుజువు చేసిన ఈ గొంతుతోనే, మంగళం పాడాను. జనం గబుక్కున లేచి గొంతు కలిపారు. సార్జెంటు ఆ వరసను పట్టుకుని సాక్సాఫోనులో మెలికలు తిప్పాడు. గంగమ్మ ట్రాంబోనువాడి కాలు వదిలి, ఆ కాలికే దండం పెట్టింది. దోవ దొరికింది.

పరుగెత్తాం. పెద్ద డ్రమ్ము నా నెత్తిన. పంచె ఊడితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. స్టేషను చేరేసరికి, ఆశ్చర్యం, రైలు అక్కడే ఉంది. ఇంజను తనలో తాను పొగ వదులుకుంటోంది. అందులో డ్రైవరు లేడు. వెనక పెట్టెలో గార్డు లేడు. మేం రొప్పుతూ చూస్తుండగా ఇద్దరూ పార్కు వైపు నుంచి, తాంబూలం నములుతూ, పెళ్లి భోజనం ముగించినవాళ్లలా వచ్చారు.

"ఏల మేష్ట్రూ, అంత పరుగు?" అన్నాడు డ్రైవరు. "మంగళం కాకుండా మేము మాత్రం ఎట్ల లేచేది? ఇంకా ముందే పాడింటే బండి టైముకే పోయుండేది గదప్పా."

అంటే నేను పాడకపోతే రైలు పోదు. రైలు పోతుందని నేను పాడాను. ఈ వాదంలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేల్చలేకపోతున్నాను. వారం తిరక్కముందే బాగేపల్లి నుంచి కబురు వచ్చింది. బ్యాండు రాకున్నా పర్వాలేదట, మంగళం పాడే మేష్ట్రును మాత్రం తప్పక పంపాలట.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. దేవుడి మీద ఒట్టు వేయలేను, వేస్తే శెట్టికి తెలిసిపోతుంది. నా బుద్ధి మీద, ఆ సాయంత్రం పోగా మిగిలినదాని మీద ఒట్టు. ఈ జన్మలో, ఉన్నది ఇదొక్కటే గనక, రైలు డ్రైవరు ఎన్నో వరసలో కూర్చున్నాడో చూసుకోకుండా ఇంకే దేవుడికీ మంగళం పాడను.