లక్ష్మణమ్మ అడ్డపొగ మానిన రోజులు

లక్ష్మణమ్మ చేతులకి ఎప్పుడూ పనే. వలలోంచి నెత్తళ్ల చేపలు ఏరాలి, గంపకెత్తాలి, ఆమదాలవలస వెళ్లే ఆటోలో గంప జారకుండా పట్టుకోవాలి. అందుకే పెళ్లయిన కొత్తలో అత్త నేర్పినట్టు చుట్ట అంటించి, నిప్పున్న కొసని నోటి లోపలికి తిప్పి పీల్చేది. అడ్డపొగ అంటారు దాన్ని. ఎంత సముద్రపు గాలి కొట్టినా ఆరదు, బూడిద చేపల మీద రాలదు, చెయ్యి పెట్టి పట్టుకోనక్కర్లేదు. ముప్పై ఐదేళ్లుగా ఆవిడకి తోడంటే అదే.

ఈమధ్య చిగుళ్లలోంచి నెత్తురు రావడం మొదలైంది. వేపపుల్ల తగిలితేనే కదా వస్తోంది అనుకుని పళ్లు తోమడమే మానేసింది. నీళ్లు పుక్కిలించి ఉమ్మడం, మళ్లీ చుట్ట. పొగ నోట్లో ఉన్నంతసేపూ నొప్పి తెలిసేది కాదు.

ఆమదాలవలసలో మిషన్ చర్చి వెనక వీధిలో పద్మజ టీచరుంటుంది. గంప దించడానికి ఆవిడే వచ్చి ఒక చెయ్యి వేస్తుంది. చెంబుతో మంచినీళ్లిస్తుంది. ఒకరోజు ఆ నీళ్లు నోట్లో పోసుకున్న లక్ష్మణమ్మ దవడ పట్టుకుని కళ్లు మూసుకుంది. టీచరు అది చూసింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పళ్ల డాక్టరు వస్తుందని చెప్పి, తనే వెంట తీసుకెళ్లింది.

డాక్టరు పేరు దీవెన. నవ్వుతూ టార్చి వేసింది. అంగిలి చూసేసరికి ఆ నవ్వు ఆగింది. చిన్న అద్దం పెట్టి లక్ష్మణమ్మకీ చూపించింది. అంగిలి మధ్యలో మందంగా తెల్లటి మచ్చ, దాని మీద ఎర్రటి చుక్కలు.

"నోట్లో నిప్పు పెట్టుకోవడం ఈ రోజుతో ఆపెయ్యాలమ్మా. పదిహేను రోజులయ్యాక చూస్తాను. మచ్చ అలాగే ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి."

దేనికి పరీక్షో లక్ష్మణమ్మకి తెలుసు. వరసకి వదినయ్యే ఒకావిడ నోటి క్యాన్సరుతో దవడ తీయించుకుని, ఆర్నెల్లు గంజి మీద బతికి పోయింది.

డాక్టరు మెత్తటి బ్రష్ ఇచ్చి చెప్పింది. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, చిగురు మొదలు నుంచి పంటి కొసకి మెల్లగా తోమాలి. నెత్తురొచ్చినా మానకూడదు, పాచి పోతేనే చిగురు గట్టిపడుతుంది. తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. వారానికోసారి వెలుతురులో నిలబడి నోరు అద్దంలో చూసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే ఒడ్డున నిలబడి బ్రష్ చేస్తూంటే తోడికోడలు జగ్గమ్మ చూసింది. తన నోట్లో చుట్ట కదలకుండానే, "ఏటప్పా, మళ్లీ పెళ్లికూతురివైపోతన్నావేటి?" అంది. ఒడ్డంతా నవ్వింది. లక్ష్మణమ్మా నవ్వింది గానీ తోమడం ఆపలేదు.

రోజు గడవడమే కష్టమైపోయింది. గంప దగ్గర కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటెళ్లాలో తెలిసేది కాదు. తూకం తప్పేది. మనవరాల్ని ఊరికే కసిరి, మళ్లీ దగ్గరికి తీసుకునేది. నోరు ఖాళీగా ఉండడం ఇంత బాధని ఆవిడకి అంతవరకూ తెలీదు. అయినా నిప్పు ముట్టలేదు.

పదో రోజున టీచరు గంప దించుతూ ఆవిడ మొహంలోకి చూసింది.

"చెంపలో ఏముంది లక్ష్మణమ్మా?"

"పొగాకు ముక్కమ్మా. నిప్పు లేదు. నిప్పు మానీసినాను, దేముడి తోడు."

డాక్టరమ్మ వద్దన్నది నిప్పునే అనుకుంది ఆవిడ. కాల్చేది నిప్పు, ఆకు ఏం చేస్తుందని మొదటిరోజు నుంచీ చెంపలో దాచుకుంటోంది. టీచరు కోప్పడలేదు. ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుంది. నిప్పు ఎంత చెడ్డదో ఆకూ అంత చెడ్డదేనని, ఆ మాట పక్కనే ఉన్న తనయినా విడమర్చి చెప్పాల్సిందని అంది. లోపలికెళ్లి గుప్పెడు సోంపు తెచ్చి కొంగున కట్టింది. లక్ష్మణమ్మ ముక్క ఉమ్మేసి అద్దం అడిగింది. ముక్క ఆనిన చోట చిగురు పాలిపోయి, ముడతలు పడి ఉంది.

మిగిలిన ఐదు రోజులూ ఇంకా కష్టం. రెండుసార్లు జగ్గమ్మని చుట్ట అడగబోయి, అలల్లోకి నడిచి వెనక్కొచ్చింది.

పదిహేనో రోజున డాక్టరు ముందు కూర్చున్నాక ఇంకో గుంజాటన. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. టీచరు చెప్పే మనిషి కాదు. కానీ ఆ డాక్టరు పిల్ల టార్చి పట్టుకుని అంత ఓపిగ్గా చూస్తూంటే ఆవిడకి దాచబుద్ధి కాలేదు.

"నాను తప్పు సేసినానమ్మా. పది రోజులు పొగాకు సెంపలో ఎట్టుకున్నాను. ఇప్పుడు సూడు."

డాక్టరు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, చెప్పడమే మంచిదయిందంది. ఎర్రచుక్కలు తగ్గాయి గానీ మచ్చ పోలేదు. చిన్న ముక్క తీసింది. ఫలితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ టీచరు ఇంట్లో ప్రార్థన, లక్ష్మణమ్మ ఇంట్లో గంగమ్మకి దీపం.

క్యాన్సరు లేదు. అయితే పొగాకు మళ్లీ ముడితే మాట మారిపోవచ్చని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పింది. అప్పటినుంచి రెండుసార్లు వెళ్లొచ్చింది. చిగుళ్లలో నెత్తురు ఆగింది.

పొద్దువాలే వేళ మాత్రం ఇప్పటికీ కుదురుండదు. వలలు కట్టేశాక చేతులకి పని లేక, నోరు అటూ ఇటూ వెతుక్కుంటుంది. సరిగ్గా ఆ వేళకి టీచరు ఫోను చేస్తుంది. రేపేం చేపలొస్తాయని అడుగుతుంది. రేపటి చేపలు ఎవరికి తెలుసు? అయినా లక్ష్మణమ్మ ఫోను చెవికి ఆనించుకుని, ఒడ్డు వెంట నడుస్తూ, గాలి ఎటుందో, నీళ్ల రంగు ఎలా ఉందో చూసి చూసి చెబుతుంది.